పాతికవేల గ్రూమింగ్ కోర్సు అవసరమా? గాజువాక అమ్మాయికి నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినావిడ గాజువాకలో ఉంటారు, బీకామ్ చివరి ఏడాది. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 'ప్రొఫెషనల్ గ్రూమింగ్, బిజినెస్ ఎటికెట్' పేరుతో రెండు నెలల కోర్సుకి పాతికవేలు అడుగుతున్నారట. చేరాలా, వద్దా? చేరకపోతే ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? ఇంగ్లిష్ అర్థమవుతుంది గానీ నలుగురిలో నోరు విప్పాలంటే టెన్షన్ అంటున్నారు. పాలిటెక్నిక్ చదివే తమ్ముడికి కూడా పనికొచ్చేలా చెప్పమన్నారు.

నేను మన వైజాగ్‌లోనే హోటల్ ఫ్రంట్ ఆఫీసులో ఉద్యోగం మొదలుపెట్టి, తర్వాత హెచ్‌ఆర్‌లోకి వచ్చి, కొత్తవాళ్ళని తీసుకోవడం, వాళ్ళని పనికి అలవాటు చెయ్యడం చూసుకుంటూ వచ్చినదాన్ని. నా మాట ముందే చెప్పేస్తాను: ఇప్పుడే డబ్బు కట్టకండి. ఆ కోర్సులో చెప్పేదాంట్లో సగం మీ అమ్మగారు చిన్నప్పటి నుంచి మీకు చెబుతున్నదే. మిగతా సగంలో చాలాభాగం ఉచితంగా దొరుకుతుంది. నిజంగా కష్టమైనది ఒకటుంది, మొహమాటం వదిలించుకోవడం. దాన్ని నేర్పుతామని ఏ బ్రోషర్‌లోనూ నేను చూడలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. మీరు ఎక్కువ వాక్యాలు రాసింది బట్టల గురించి కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

యూట్యూబులో గ్రూమింగ్ వీడియోలు చేసేవాళ్ళు ఎక్కువగా ఢిల్లీ చలికాలాన్నో, కారు దిగి నేరుగా ఏసీ ఆఫీసులోకి నడిచేవాళ్ళనో మనసులో పెట్టుకుని చెబుతారు. మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతే. గాజువాకలో బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, రుషికొండ ఐటీ హిల్స్ దగ్గర దిగి కొండ మీదికి నడిచేసరికి పొద్దున్న ఇస్త్రీ చేసిన చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. అందుకే వైజాగ్‌లో గ్రూమింగ్ అంటే నా దృష్టిలో మొదటి పాఠం చెమట. టై ముడీ, లిప్‌స్టిక్ షేడూ తర్వాత సంగతి.

చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. ఒంటి మీదుండే బ్యాక్టీరియా పని చెయ్యడం మొదలెట్టాకే వాసన. కాబట్టి దాని మీద సెంటు కొడితే రెండు వాసనలు కలిసి మూడోది పుడుతుంది, అంతే. షాపులో పక్కపక్కన పెట్టే డబ్బాలు మూడూ మూడు రకాలు. బాడీ స్ప్రే చాలావరకు సువాసన కోసమే. డియోడరెంట్ దుర్వాసనని తగ్గిస్తుంది గానీ చెమటని ఆపదు. యాంటీపెర్‌స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమట రంధ్రాలకి తాత్కాలికంగా అడ్డుపడి చెమటనే తగ్గిస్తాయి. డబ్బా మీద ఏ మాట ఉందో చదివి కొనండి. యాంటీపెర్‌స్పిరెంట్‌ని పొద్దున్నే హడావుడిగా తడి ఒంటికి రాసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు. రాత్రి పడుకోబోయే ముందు, చంకలు పొడిగా ఉన్నప్పుడు రాసుకోవాలి. పొద్దున్న స్నానం చేసినా దాని పని అది చేస్తుంది. తెల్లచొక్కాల చంకల్లో పసుపు మరకలు పడటానికి ఈ లవణాలూ చెమటా కలవడం ఒక కారణం, అందుకే పూర్తిగా ఆరాకే బట్ట తగలనివ్వండి.

బట్ట విషయానికొస్తే, పూర్తి పాలిస్టర్ చొక్కా ముడతలు పడదని మురిసిపోకండి. ఉతికినా వాసన వదలని గుణం దానికుంది. కాటన్‌గానీ, కాటన్ పాలు ఎక్కువున్న మిక్స్‌గానీ తీసుకోండి. రంగుల్లో లేత బూడిద, మధ్యరకం నీలం చెమట మరకని బాగా పట్టిస్తాయి. తెలుపు, ముదురు నీలం దాచేస్తాయి. ఇంటర్వ్యూ చొక్కా కొనడానికి జగదాంబ దగ్గర షాపులు తిరుగుతున్నప్పుడు బ్రాండు కంటే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. మీ తమ్ముడిని లోపల తెల్ల బనీను వేసుకోమనండి. ఈ రోజుల్లో కుర్రాళ్ళు బనీను పాతకాలపు వ్యవహారం అనుకుంటున్నారు గానీ, చెమట చొక్కాదాకా రాకుండా పట్టేది అదే.

చొక్కా సరిపోయిందో లేదో చూడటానికి మూడు చోట్లు చాలు. భుజం కుట్టు భుజం ఎముక చివరే ఉండాలి, చెయ్యి మీదికి జారకూడదు. మెడ బొత్తాం పెట్టాక రెండు వేళ్ళు దూరాలి. చెయ్యి దించినప్పుడు కఫ్ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. నడుం దగ్గర లూజుంటే బెంగ లేదు, ఏ టైలరైనా చిన్న ఆల్టరేషన్‌తో సరిచేస్తాడు. భుజం లూజైతే మాత్రం ఆ చొక్కా వదిలెయ్యండి. ఖరీదైన సరిపోని చొక్కా కంటే మామూలు చొక్కాని ఆల్టర్ చేయించి, ఇస్త్రీ బండి దగ్గర కాలరూ కఫ్‌లూ గట్టిగా రుద్దించి వేసుకున్నవాళ్ళే చూడముచ్చటగా ఉంటారు.

కోటు గురించి నా అభిప్రాయం: వైజాగ్‌లో ఫ్రెషర్‌కి కోటు అక్కర్లేదు, కంపెనీ ప్రత్యేకంగా అడిగితే తప్ప. మే నెలలో అద్దె కోటు వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న కుర్రాడిని చూస్తే నాకు జాలే వేస్తుంది. ఒకవేళ వేసుకోవాల్సి వస్తే రెండు పనులు తప్పకుండా చెయ్యాలి. కొత్త కోటుకి వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా తెల్లదారంతో ఒక కుట్టు వేసి ఇస్తారు, రవాణాలో చీలిక నలగకుండా. చేతి మీద బ్రాండు పట్టీ కూడా అందుకే తాత్కాలికంగా కుడతారు. రెండూ కత్తిరించేయాలి. ఆ దారంతోనే, ఆ పట్టీతోనే ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కోటు కింది బొత్తాం పెట్టకూడదు. టై కొన బెల్టు బకిల్ దగ్గర ఆగాలి. బెల్టూ బూట్లూ ఒకే రంగులో, సాక్సు ప్యాంటు రంగులో ఉండాలి. కోటు కథ ఇంతటితో సరి.

మీకైతే చుడీదార్ చాలు, బ్యాంకులకీ ఆడిట్ ఆఫీసులకీ కూడా. చున్నీకి రెండు భుజాల దగ్గరా పిన్ను పెట్టండి. మాటిమాటికీ సర్దుకుంటుంటే మీ ధ్యాస జవాబు మీద నిలవదు, వాళ్ళ ధ్యాస మీ మాట మీద నిలవదు. చీర హుందాగా ఉంటుంది నిజమే. కానీ ఎప్పుడూ కట్టనివాళ్ళు ఇంటర్వ్యూ రోజే మొదటిసారి కట్టుకుని సిటీ బస్సు ఎక్కడం సాహసం. బొట్టు, మంగళసూత్రం, చిన్న పోగులు ఎవరికీ అభ్యంతరం కాదు. పూలు పెట్టుకోకూడదని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు గానీ, తలుపులేసిన ఏసీ గదిలో మూర మల్లెపూల వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది. సెంటుకీ ఇదే లెక్క: చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషికి తెలిస్తే అప్పటికే ఎక్కువైనట్టు. చేతినిండా గాజులుంటే రాస్తున్నప్పుడు, టైప్ చేస్తున్నప్పుడు చప్పుడు. తలనూనె ముందురోజు రాత్రి పెట్టుకుని పొద్దున్నే తలంటుకోండి.

బూట్ల గురించి బయటి ఊరివాళ్ళు చెప్పనిది ఒకటి చెబుతాను. మన గాలిలో తేమకి తోలుబూట్లు నెల రోజులు పెట్టెలో ఉంటే తెల్లటి బూజు పడుతుంది. ఇంటర్వ్యూ కాల్ వచ్చిన రాత్రి పెట్టె తెరిచి గాభరాపడటం మామూలే. ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి. లోపల పాత పేపరు కుక్కి, గాలి తగిలేచోట పెట్టి, పదిహేను రోజులకోసారి పొడిబట్టతో తుడిచి పాలిష్ రాయండి. కొత్తవైతే ముందు నాలుగు రోజులు ఇంట్లో వేసుకుని తిరగండి. లేకపోతే ఇంటర్వ్యూ గదిలోకి కుంటుకుంటూ వెళ్ళాల్సి వస్తుంది.

టైముకి చేరడం కూడా గ్రూమింగే. గాజువాక జంక్షన్, ఎన్‌ఏడీ, హనుమంతవాక, వీటిలో ఏదో ఒకచోట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని ముందే అనుకుని బయల్దేరాలి. ఆ ప్రాంతానికి గంట ముందు చేరండి. ఎక్కడైనా ఫ్యాను కింద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొహం కడుక్కుని, పదిహేను నిమిషాల ముందు రిసెప్షన్‌లోకి వెళ్ళండి. గంట ముందే వెళ్ళి రిసెప్షన్‌లో కూర్చుంటే అక్కడివాళ్ళకి మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. జేబురుమాళ్ళు రెండు ఉంచుకోండి, ఒకటి చెమటకి, ఇంకోటి శుభ్రంగా.

ఇక అసలు సంగతికి వస్తాను.

మన పిల్లల్లో మర్యాద తక్కువని నేననను. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడతారు, పేరు చివర 'గారు' చేరుస్తారు, మాట చివర 'అండి' అంటారు, తిన్నారా అని అడుగుతారు. ఉద్యోగంలో వీళ్ళకి చేటు చేసేది అదే మర్యాదతో పాటు వచ్చే మొహమాటం. అర్థం కాకపోయినా తలూపడం. కాదనాల్సిన చోట 'చూస్తాను సార్' అనడం. పని ఆగిపోయిందని చెప్పడానికి భయపడి చివరి నిమిషందాకా దాచడం. ఇంట్లో ఇది వినయం అనిపించుకుంటుంది. ఆఫీసులో మాత్రం 'ఈ అమ్మాయికి ఏ పనీ ధైర్యంగా అప్పజెప్పలేం' అనిపించుకుంటుంది.

మీది బీకామ్ కాబట్టి మీ పనిలోంచే ఉదాహరణ చెబుతాను. నాకు తెలిసిన ఒక ఆఫీసు అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఒక నెల 15న ఒక పని ఇచ్చారు: జీఎస్టీఆర్-2బీ (మనకి అమ్మినవాళ్ళు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లుల జాబితా) డౌన్‌లోడ్ చేసి కొనుగోళ్ళ రిజిస్టర్‌తో సరిపోల్చమని. ఆ స్టేట్‌మెంట్ నెలనెలా 14న పోర్టల్‌లో తయారవుతుంది. ఆ నెల టాక్స్ లెక్క తేల్చి కట్టే 3బీ రిటర్నుకి గడువు 20. కొన్ని బిల్లులు 2బీలో కనపడలేదు, ఎందుకంటే ఆ సప్లయర్లు తమ జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను, టైముకి వెయ్యలేదు. తప్పు ఆ అమ్మాయిది కానే కాదు. కానీ ఆమె తనకే లెక్క కుదరడం లేదనుకుని, అడిగితే ఇది కూడా తెలియదా అంటారని, రోజూ అదే షీటు ముందు కూర్చుంది. మేనేజర్ అడిగినప్పుడల్లా 'అవుతోంది సార్' అంది. 19 సాయంత్రం విషయం బయటపడింది. 15నే చెప్పి ఉంటే మేనేజరు సప్లయర్లకి ఫోన్లు చేయించేవాడు, ఆ బిల్లుల మీద కట్టిన టాక్స్‌కి రావాల్సిన తగ్గింపు (క్రెడిట్) ఈ నెల రాదని తెలుసుకుని టాక్స్ కట్టడానికి డబ్బు సర్దుకునేవాడు. ఆ ఒక్క రాత్రిలో డబ్బెక్కడి నుంచి తెస్తాడు? ఆ రోజు ఆమె వేసుకున్న డ్రెస్సుకి ఇస్త్రీ బాగానే ఉంది.

దీనికి మందు కొన్ని వాక్యాలు నోటికి అలవాటు చేసుకోవడమే. ఇంగ్లిష్‌లో రాసుకుని రోజూ పైకి చదవండి, కానీ ముందు తెలుగులో చెప్పగలగాలి. పని అప్పజెప్పగానే: 'నాకు అర్థమైంది ఇదీ సార్, సరేనా?' అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. వినపడకపోతే: 'ఆ చివరి మాట మరోసారి చెబుతారా?' ఆగిపోతే: 'ఇంతవరకు అయింది, ఇక్కడ ఆగింది, ఈ రెండు దార్లు కనబడుతున్నాయి, ఏది చెయ్యమంటారు?' టైము చాలకపోతే: 'రేపటికి కాదండీ, ఎల్లుండి మధ్యాహ్నానికి ఇస్తాను.' ఇందులో కష్టమైన ఇంగ్లిష్ ఏమీ లేదు. మీ టెన్షన్‌లో చాలావరకు ఇంగ్లిష్‌ది కాదు, తప్పు దొరికితే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఆ భయం తెలుగులో మాట్లాడినా ఉంటుంది.

ఇంటర్వ్యూలోనూ అంతే. తెలియని ప్రశ్నకి 'ఇది నాకు తెలియదు సార్, దీనికి దగ్గరగా నాకు తెలిసింది ఇదీ' అని చెప్పిన పిల్లల్ని పక్కన పెట్టడానికి నాకు చెయ్యి రాదు. తెలిసినట్టు నటిస్తే రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడటం మనకి అమర్యాదగా అనిపిస్తుంది కాబట్టి బల్లకేసి చూస్తూ జవాబు చెబుతారు. గుచ్చి గుచ్చి చూడక్కర్లేదు. ప్రశ్న అడుగుతున్నప్పుడూ, మీ జవాబు ముగిస్తున్నప్పుడూ ఆ మనిషి మొహం చూడండి. కళ్ళలోకి చూడటం మరీ ఇబ్బందైతే కనుబొమల మధ్య చూడండి, ఎదుటివాళ్ళకి తేడా తెలియదు.

పిలుపు దగ్గర కూడా పిల్లలు తికమకపడతారు. పోర్టు, స్టీల్‌ప్లాంట్, బ్యాంకులు లాంటిచోట్ల సార్, మేడమ్ నడుస్తాయి. చాలా ఐటీ కంపెనీల్లో మేనేజర్ని కూడా పేరుతోనే పిలవమంటారు. నాన్న వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాకపోవడం సహజమే. మొదటి వారం పక్కవాళ్ళు ఏమని పిలుస్తున్నారో గమనించి అలాగే పిలవండి. ఇంకో మాట, ఇది కాస్త చేదుగా ఉంటుంది: మనవాళ్ళు పరిచయమైన ఐదు నిమిషాల్లో 'మీదే ఊరు, ఇంటిపేరేంటి' అని అడిగేది ఎందుకో అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. ఆఫీసులో ఆ ఆరాలు వద్దు. జీతం, పెళ్ళి, పిల్లలు కూడా వాళ్ళంతట వాళ్ళు చెబితేనే.

ఫోనూ మెయిలూ విషయంలో పెద్ద పెద్ద పాఠాలేమీ లేవు. కాలర్ ట్యూన్ తీసేయండి. ఎంత మంచి పాటైనా సరే, హెచ్‌ఆర్‌వాళ్ళు వరసగా పాతికమందికి ఫోన్ చేస్తుంటే అది వినే ఓపిక ఉండదు. మెయిల్ ఐడీ మీ పేరుతో ఉండాలి, పేరు పక్కన 143లూ రౌడీలూ వద్దు. రెజ్యూమె ఫైలుకి మీ పేరు పెట్టండి. 'న్యూ ఫైనల్ 2' అని పంపితే వాళ్ళ ఫోల్డర్‌లో అలాంటివి ఇంకో పది ఉంటాయి. మెయిల్ రాసేటప్పుడు ముందు ఫైలు అతికించి, తర్వాత విషయం రాసి, చిరునామా ఆఖర్న పెడితే సగం పొరపాట్లు పుట్టనే పుట్టవు. సబ్జెక్ట్ లైను ఖాళీగా వదలొద్దు. మొదటి వాక్యంలోనే మీకేం కావాలో చెప్పండి. 'డూ ద నీడ్‌ఫుల్' అని రాసే బదులు ఏం చెయ్యాలో, ఎప్పటిలోగా చెయ్యాలో రాయండి. పని చెయ్యాల్సినవాళ్ళు 'టూ'లో, తెలిస్తే చాలనుకున్నవాళ్ళు 'సీసీ'లో ఉంటారు. 'రిప్లై ఆల్' నొక్కేముందు అందరికీ అవసరమా అని ఒక్క క్షణం ఆగండి.

వాట్సాప్‌లో నన్ను విసిగించేది ఒకటే: 'హాయ్ మేడమ్' అని పెట్టి ఊరుకోవడం. నేను తిరిగి హాయ్ అనాలి, అప్పుడు విషయం చెబుతారు. అంతా ఒకే మెసేజ్‌లో రాసేయండి: మీరెవరు, ఏ విషయం, ఏం కావాలి. రాత్రి తొమ్మిది దాటాక కొంప మునిగితే తప్ప పంపొద్దు. పైవాళ్ళకి వాయిస్ మెసేజ్‌లు వద్దు, మీటింగ్‌లో ఉన్నవాళ్ళు వాటిని వినలేరు. వీడియో ఇంటర్వ్యూ అయితే వెలుగు మొహం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి, కెమెరా కళ్ళ ఎత్తులో పెట్టండి, ఆ గంటసేపు కుక్కర్ పెట్టొద్దని ఇంట్లో ముందే చెప్పండి.

షేక్‌హ్యాండ్ పెద్దవాళ్ళు చెయ్యి చాపితేనే ఇవ్వండి. ఆడవాళ్ళకి మగవాళ్ళు ముందు చాపకపోవడం మంచిది. మీకు ఇష్టం లేకపోతే నవ్వుతూ నమస్కారం పెట్టండి, ఎవరూ తప్పుపట్టరు. విజిటింగ్ కార్డులు తగ్గిపోయాయి గానీ జపాన్‌వాళ్ళ దగ్గర ఇంకా గౌరవం ఉంది. అచ్యుతాపురంలో యోకొహామా వాళ్ళ టైర్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మనకి ఇది పుస్తకాల సంగతి కాదు: కార్డుని రెండు చేతులా అందుకుని, ఒకసారి చదివి, బల్ల మీద ఎదురుగా పెట్టుకోవాలి. దాని మీద రాయడం, ప్యాంటు వెనక జేబులో తోసెయ్యడం వాళ్ళకి నచ్చదు.

భోజనం బల్ల దగ్గర ఫోర్కుల లెక్క గురించి బెంగపడకండి. పక్కన పెట్టిన వాటిలో బయటివి ముందు వాడతారు, తినడం అయ్యాక ఫోర్కునీ కత్తినీ ప్లేటులో పక్కపక్కన పెడతారు, మంచినీళ్ళ గ్లాసు మీ కుడివైపుది. రోటీ చేత్తోనే తినండి. ఎంగిలి చేత్తో గరిటె పట్టుకోకూడదని మన అమ్మమ్మలు చెప్పింది ఏ స్టార్ హోటల్ బఫేలో అయినా చెల్లుతుంది. మందు వద్దనుకుంటే 'నాకు వద్దండీ, థాంక్స్' చాలు, కారణాలు చెప్పక్కర్లేదు. ఫోను బల్ల మీద పెట్టొద్దు.

ఇవి ఎక్కడ నేర్చుకోవాలంటారా? టీసీఎస్ అయాన్ వాళ్ళ 'కెరియర్ ఎడ్జ్ – యంగ్ ప్రొఫెషనల్' అని 15 రోజుల ఉచిత ఆన్‌లైన్ కోర్సుంది. మెయిల్ రాయడం, ఫోన్ మర్యాద, ఇంటర్వ్యూ, అన్నీ అందులో వస్తాయి, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్ కూడా ఉచితమే. కాస్త లోతుగా కావాలంటే కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం పోర్టల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే సాఫ్ట్ స్కిల్స్ కోర్సులున్నాయి. వినడానికి డబ్బక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. నలుగురిలో మాట్లాడే అలవాటుకి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు మంచివి. 1924లో అమెరికాలో మొదలైన సంస్థ, మన ఊళ్ళోనూ నడుస్తున్నాయి. అతిథిగా ఒక మీటింగ్‌కి వెళ్ళి చూసొచ్చాకే చేరాలో వద్దో తేల్చుకోవచ్చు. అక్కడ మీరు మాట్లాడాక ఒకరు లేచి ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో మొహం మీదే చెబుతారు. మొహమాటానికి అంతకంటే మంచి వైద్యం నేనెరగను.

వీడియోలు చూసినంత మాత్రాన రాదు. ఈత నేర్చుకోవాలంటే నీళ్ళలో దిగాల్సిందే కదా. ఈ నెలంతా ఇంట్లో పనులు మీరు తీసుకోండి: బ్యాంకులో నాన్నగారి పాసుబుక్కు పని, కరెంటు బిల్లు ఫిర్యాదు, కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్ పని. కౌంటర్ దగ్గర నిలబడి, విషయం రెండు వాక్యాల్లో చెప్పి, అర్థం కానిది మళ్ళీ అడిగి, పేరూ తేదీ రాసుకుని రండి. రాత్రి ఫోన్‌లో రెండు నిమిషాలు మీ గురించి మీరు చెప్పుకుని రికార్డు చేసి వినండి. మొదట్లో మీ గొంతు మీకే నచ్చదు, అందరికీ అంతే.

డబ్బు కట్టాల్సిన సందర్భాలు లేవని కాదు. క్యాబిన్ క్రూ, స్టార్ హోటల్ ఫ్రంట్ ఆఫీసు లాంటి వాటికి వెళ్ళాలనుకుంటే జుట్టు ముడి దగ్గర్నుంచి మేకప్ దాకా దగ్గరుండి దిద్దేవాళ్ళు ఉండటం మేలే. మీది అకౌంట్స్ దారి. అయినా చేరాలనిపిస్తే ఫీజు కట్టకముందే ఒక క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. బ్యాచ్‌లో ఎంతమందో, ఒక్కొక్కరికీ వారంలో ఎన్నిసార్లు మాట్లాడే అవకాశం వస్తుందో, మాక్ ఇంటర్వ్యూ రికార్డు చేసి చూపిస్తారో లేదో కనుక్కోండి. '100 శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డు పెట్టినచోట, అది కాగితం మీద రాసివ్వమని అడగండి. వాళ్ళ మొహం చూస్తే మీకే తెలిసిపోతుంది. ఆ పాతికవేలల్లో కొంత పెట్టి ట్యాలీ, ఎక్సెల్ గట్టిగా నేర్చుకుంటే మీ చదువుకి అంతకంటే ఉపయోగం.

ఇక మీ తమ్ముడు. పాలిటెక్నిక్ అంటున్నారు కాబట్టి పరవాడ ఫార్మా సిటీకో, స్టీల్‌ప్లాంట్‌కో, షిప్‌యార్డ్‌కో వెళ్ళే అవకాశం ఎక్కువ. అక్కడ గ్రూమింగ్ అందం కోసం కాదు, ప్రాణం కోసం, తయారయ్యే ప్రొడక్ట్ పాడవకుండా ఉండటం కోసం. తిరిగే మిషన్ దగ్గర మెడలో గొలుసు, చేతికి కడియం, వేలాడే చొక్కా అంచు ఉండకూడదు. సేఫ్టీ షూ లేసులు బిగించాలి, హెల్మెట్‌కి కింది పట్టీ పెట్టాలి. చాలామంది పట్టీ వదిలేసి తిరుగుతారు, పై నుంచి ఏదైనా పడకముందే హెల్మెట్ పడిపోతుంది. ఫార్మా ప్రొడక్షన్ ఏరియాలో వాచీ, ఉంగరం, సెంటు కుదరవు. గడ్డం ఉంటే దానికి కవర్ వేసుకోవాలి. గోళ్ళు పొట్టిగా ఉండాలి. అక్కడ మర్యాద రికార్డు రాయడంలో కూడా ఉంటుంది: తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, దాని మీదే దిద్దకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. ఇది ఇప్పటి నుంచే ల్యాబ్ రికార్డుల్లో అలవాటు చేసుకోమనండి.

షిఫ్టు ఉద్యోగమైతే పది నిమిషాలు ముందే వెళ్ళి, దిగిపోయేవాడి దగ్గర ఏ మిషన్ ఆగింది, ఏది సగంలో ఉంది, ఏ వాల్వు మూసి ఉంది అని నిలబడి అడిగి, లాగ్‌బుక్‌లో రాసిందీ చూసి, అప్పుడు అతన్ని వెళ్ళనివ్వాలి. రాత్రంతా మేలుకున్న మనిషి ఇంటికి వెళ్ళే తొందరలో ఉంటాడు, అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. అయినా అడగాలి.